మంట మ్రింగిన బంగారము, మట్టి దాచిన రూపము

బొమ్మల కొలువు తీర్చు ఇండ్లలో ఒకే వేణుగోపాలుడు పెద్ద మెట్టుపై ఒకటిగా, చిన్న మెట్టుపై ఒకటిగా కనిపించుట మనమందరము చూచినదే. ముఖము అదే, నిలిచిన తీరు అదే. ఎత్తు మాత్రము తగ్గినది. పనివాడు చిన్న బొమ్మను వేరుగా మలచి ఉండవచ్చును. లేదా పెద్ద బొమ్మపై మట్టి నదిమి అచ్చు తీసి, ఆ అచ్చులో మరల మట్టి నదిమి ఉండవచ్చును. ఈ రెండవ మార్గమున బొమ్మ తనంతట తానే చిన్నదగును. పిల్లలు కూడ గ్రహింపగల ఈ సంగతి రెండువేల ఏండ్ల నాటి చరిత్రకు సాక్ష్యము పలుకుచున్నది. ఆ కథను మన నెల్లూరి నుండియే మొదలుపెట్టవలెను.

1786వ సంవత్సరము. నెల్లూరికి సమీపమున ఒక రైతు రాతిగుట్ట వాలులో దున్నుచుండగా నాగలికి ఇటుక కట్టడము తగిలెను. త్రవ్వి చూడగా ఒక చిన్న గుడి శిథిలములు బయటపడెను. వాని క్రింద ఒక చిన్న కుండ. కుండనిండ బంగారు నాణెములు. అవి మన రాజులవి కావు. క్రీస్తు శకము రెండవ శతాబ్దమున రోము నేలిన ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫౌస్టీనా రాణి ముఖము గలవి. మన సన్ననూలు వస్త్రములకు, మిరియములకు, మణులకు మారుగా సముద్రము దాటి వచ్చిన బంగారము అది.

రైతు వానిని పాతబంగారముగా అమ్మివేసెను. అతనిని తప్పుపట్టుటకు వీలులేదు. అతనికి అది బంగారమే గాని చరిత్ర కాదు. పెక్కు నాణెములు మూసలో కరగిపోయినవి. ఆర్కాటు నవాబు కుమారుడు అమీరుల్ ఉమరా ముప్పదికి పైగా నాణెములను తిరిగి సంపాదించెను. వానిలో రెండింటిని ఎన్నుకొనిన చెన్నపట్నపు దొర అలెగ్జాండర్ డేవిడ్సన్ 1787లో వ్రాసిన లేఖ వలననే మనకీ సంగతి తెలిసినది. కొన్ని నాణెములు నిన్ననే టంకశాల నుండి వచ్చినట్లు మెరయుచుండెనట. మరికొన్ని అరిగి, రంధ్రములు కలిగి, ఆభరణములుగా ధరింపబడినట్లు తోచెనట.

ఒక కుండలోని నాణెములలో అన్నిటికంటె కడపటిది ఏదో తెలిసినచో, ఆ కుండను అంతకు ముందు పాతిపెట్టలేదని నిశ్చయింపవచ్చును. నాణెములు కరగినప్పుడు ఆ ఆధారము కూడ కరగినది. బంగారము బరువు తగ్గలేదు. దానిపై వ్రాసియున్న తేది మాత్రము మాసిపోయినది.

ఇప్పుడు సముద్రతీరమును విడిచి, నేటి తెలంగాణలోని సంగారెడ్డి వైపు పోదము. అక్కడి కొండాపురమున 1940 ప్రాంతమున హైదరాబాదు పురావస్తు శాఖ పక్షమున గులాం యజ్దానీగారు త్రవ్వకములు జరిపించిరి. శాతవాహనుల నాటి ఆ పట్టణమున తెల్లమట్టితో చేసిన అందమైన చిన్న బొమ్మలు దొరకినవి. ముందు భాగమునకు ఒక అచ్చు, వెనుక భాగమునకు ఒక అచ్చు; రెంటిలోను పలుచగా మట్టి నదిమి, అంచులు కలిపి అతికిరి. అందుచేత లోపల గుల్ల. గుల్లబొమ్మ సమముగా ఆరును, కాల్చినపుడు సులభముగా పగులదు.

ఆ బొమ్మలతోపాటు మరొక వింత కలదు. రోము చక్రవర్తి టైబీరియస్ నాణెమునకు మట్టితో చేసిన ప్రతిరూపములు! మెడలో వ్రేలాడదీయుటకు వీలుగా చేసినవి. నెల్లూరి నాణెములకు రంధ్రములున్నవని విన్నాము గదా. అక్కడ అసలు నాణెము ఆభరణమైనది, ఇక్కడ దాని మట్టి నకలు ఆభరణమైనది. బంగారము కొనలేని ఇంటికి మట్టి ఆ ముచ్చట తీర్చియుండును.

నకలు చిన్నదెట్లగును? తడిమట్టిలోని నీరు ఆరినకొలది మట్టిరేణువులు దగ్గరకు చేరును; ఆవములో మరికొంత ముడుచుకొనును. మట్టిని బట్టి మొత్తము తగ్గుదల నూటికి పదివంతుల వరకు ఉండవచ్చును. అంతే యనుకొని లెక్క వేయుడు. 20 మిల్లీమీటర్ల వెడల్పు గల నాణెమును మట్టిలో నొక్కి కాల్చినచో అచ్చు 18 మిల్లీమీటర్లగును. ఆ అచ్చులో నదిమిన బిళ్ల కాలిన పిమ్మట 16.2 మిల్లీమీటర్లగును. ఆ బిళ్లనుండి మరల అచ్చు తీసి మరల బిళ్ల చేసినచో 13 మిల్లీమీటర్లే మిగులును. పరిమాణముతోపాటు అక్షరములు మొద్దుబారును, కనుబొమలు చెరగును.

లోహమునకును ఈ ధర్మము కలదు. పోతపోసిన ఇత్తడి చల్లారునప్పుడు నూటికి సుమారు ఒకటిన్నర వంతు కుంచించుకొనును. కనుకనే పోతపనివారు మాతృకను కొంచెము పెద్దదిగా చేయుదురు. ముద్రకొట్టిన నాణెము నుండి అచ్చు తీసి పోసిన దొంగనాణెము ఒక వెంట్రుకవాసి చిన్నదై పట్టుబడుటకును ఇదియే కారణము.

కనుక ఒకే రూపము గల రెండు వస్తువులు చేతికి వచ్చినపుడు చరిత్రకారుడు మొదట కొలబద్ద తీయును. పెద్దదై, గీతలు స్పష్టముగా నున్నది తల్లి కావచ్చును. చిన్నదై, గీతలు మాసినది బిడ్డ కావచ్చును. నకలు తన వంశమును తన కొలతలోనే దాచుకొనును.

విలువగల బంగారము విలువ కలిగినందుననే కరగిపోయినది. విలువలేని మట్టిబిళ్ల ఎవరికిని అక్కరలేనందున నిలిచినది. నెల్లూరి నాణెములను అమ్మకముందు ఒక్కొక్కదానిని ఎవరైనను మట్టిముద్దపై ఒత్తి దాచియుండినచో, ఆ ముద్దలు కొంత ముడుచుకొని యుండెడివి. అయినను ఆ రూపములు నేడు మనకు దక్కియుండెడివి.

భూమిలో పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరకినచో కలెక్టరుకు తెలుపవలెనని 1878లో చట్టము చేసిరి. నెల్లూరి కుండకు అది తొంబది యేండ్లు ఆలస్యమైనది. మన పొలములలో, పాతయిండ్ల పునాదులలో ఇంకను ఎన్ని కుండలున్నవో! ఒకటి మన చేతికి వచ్చిననాడు, కొలిమి దగ్గరకు పోవుటకు ముందు కొలబద్దను, కలెక్టరును తలచుకొందము.