మిలిటరీ మిగులు టైర్లు

సైన్యం తొలగించిన వాహనాల నుంచి విప్పిన టైర్లను, గోదాముల్లో వాడకుండా ఉండిపోయి వేలానికి వచ్చిన టైర్లను కలిపి మిలిటరీ మిగులు టైర్లు అంటారు. బురదలో, రాళ్లలో, ఇసుకలో తిరిగే ట్రక్కులకు వీటిని బిగించుకునే అలవాటు అమెరికాలో ఎక్కువ. కొత్త టైరు ధరతో పోలిస్తే ఇవి బాగా చవక. పక్కగోడలు మందంగా ఉంటాయి, బరువు మోసే శక్తీ ఎక్కువే. అందుకే కొనేవాళ్ల చూపు ముందుగా ట్రెడ్డు ఎంత మిగిలిందన్న దాని మీద పడుతుంది. నిజానికి అంతకన్నా ముందు చూడవలసినవి రెండున్నాయి: రిమ్ము కొలత, టైరు తయారైన తేదీ.

ఈ వ్యాపారానికి రెండో ప్రపంచ యుద్ధం నాటి మూలాలున్నాయి. యుద్ధ సామగ్రి మిగులును వదిలించుకోవడానికి అమెరికా 1944లో ప్రత్యేక చట్టం చేసింది. జీపులు, ట్రక్కులతోపాటు వాటి టైర్లూ పౌరుల చేతికొచ్చాయి. జీపుకు 6.00-16 కొలత టైరు ఉండేది. ముందుకు వెళ్లినా వెనక్కి వచ్చినా ఒకేలా పట్టు ఇచ్చేలా దాని ట్రెడ్డును అడ్డ దిమ్మలతో పోసేవారు. రెండున్నర టన్నుల ఎం35ఏ2 ట్రక్కు 9.00-20 టైర్లదీ అదే పోలిక. మట్టిదారిలో ఇవి నమ్మకమైనవే. తడిసిన తారురోడ్డు మీద మాత్రం పట్టు చాలదు.

ఇప్పుడు అమెరికా సైనిక మిగులును చూసేది డిఫెన్స్ లాజిస్టిక్స్ ఏజెన్సీలోని డిస్పోజిషన్ సర్వీసెస్ విభాగం. దాని కేంద్రం మిషిగన్ రాష్ట్రంలోని బ్యాటిల్ క్రీక్. 2014 డిసెంబరులో సైన్యం వాడిన హమ్వీ వాహనాలనే ప్రజలకు వేలం వేయడం మొదలైంది. వేలం సరుకు ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోటే అప్పగిస్తారు. లాటుగా అమ్మిన టైర్లలో మంచివి ఏరుకునే వీలుండదు, రవాణా ఖర్చూ కొన్నవాడిదే. అది కలిపి చూస్తే చవక సగం కరిగిపోవచ్చు. నాలుగైదు టైర్లే కావలసినవాళ్లు లాటు కొని విడిగా అమ్మే వ్యాపారి దగ్గర ఒక్కొక్కటీ తిప్పి చూసి తీసుకోవడం మేలు.

హమ్వీ టైరు, అర అంగుళం తేడా

మిగులు టైర్లలో పేరుమోసింది హమ్వీది. కొలత 37x12.50ఆర్16.5. అంటే ఎత్తు 37 అంగుళాలు, వెడల్పు 12.5, రిమ్ము వ్యాసం 16.5 అంగుళాలు. గుడ్‌ఇయర్ రాంగ్లర్ ఎంటీ ఈ కొలతలో ఎక్కువగా కనిపించే రకం. చివరనున్న ఆ అర అంగుళాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

16 అంగుళాల టైరును 16.5 రిమ్ము మీదికి తోస్తే ఎక్కుతుంది. రిమ్ము నడుమ పల్లం ఉండడం వల్ల సరిపోయినట్టే కనిపిస్తుంది. గాలి పట్టేటప్పుడు మాత్రం టైరు అంచు, అంటే మెకానిక్కులు బీడింగ్ అనే భాగం, తన చోట కూర్చోదు. కూర్చోలేదని ఇంకా గాలి కొడతారు. లోపలి ఉక్కుతీగ తెగి టైరు పేలుతుంది. పక్కనున్న మనిషి ప్రాణం పోవచ్చు. ఇలాంటి ప్రమాదంలో తీవ్రంగా గాయపడిన ఒక మెకానిక్ కేసు మీద టెక్సస్ సుప్రీంకోర్టు 1998లో తీర్పు ఇచ్చింది. ఆ టైరు మీద హెచ్చరిక బొమ్మ ఉంది. అయినా అంతకన్నా క్షేమమైన బీడింగ్ తీగ అందుబాటులో ఉన్నప్పుడు హెచ్చరిక అంటించినంత మాత్రాన తయారీదారు బాధ్యత తీరదని కోర్టు నిలబెట్టింది. పాత సరుకులో ఆ హెచ్చరికలు కూడా చెరిగిపోయి ఉంటాయి గనుక, టైరు మీదా రిమ్ము మీదా అచ్చైన కొలతలు రెండూ చదివాకే గాలి గొట్టం చేతిలోకి తీసుకోవాలి.

16.5 రిమ్ముకు ఇంకో లోపం ఉంది. మామూలు రిమ్ముల్లో బీడింగ్ జారిపోకుండా ఆపే చిన్న గట్టు ఇందులో ఉండదు. ఇసుకలో పట్టు కోసం గాలి తగ్గిస్తే టైరు ఊడి రావచ్చు. హమ్వీ చక్రం లోపల ఉండే రన్‌ఫ్లాట్ దిమ్మ దీనికి అడ్డు. టైరులో గాలి లేకపోయినా సుమారు 30 మైళ్లు నడిపించడం దాని పని, బీడింగ్‌ను రెండు వైపులా నొక్కిపట్టేదీ అదే. అది ఉందన్న ధైర్యంతోనే మామూలు హమ్వీకి స్టెప్నీ ఇవ్వలేదు. బరువు తగ్గుతుందని ఆ దిమ్మను తీసి పారేసేవాళ్లు దానితోపాటు ఆ పట్టునూ పారేస్తున్నారు.

వయసు

టైరు పక్కగోడ మీద డీఓటీ అన్న అక్షరాల వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 2309 అంటే 2009లో 23వ వారం. మూడంకెలే ఉంటే 2000కు ముందుది. అసలు డీఓటీ గుర్తే లేని సైనిక టైర్లూ ఉన్నాయి, వాటికి అమెరికా రోడ్ల ప్రమాణాలకు తగినవన్న ధ్రువీకరణ లేదన్నమాట.

వాడని టైరు కొత్తదేనన్న నమ్మకం తప్పు. రబ్బరులో కలిపిన ఒక రకం మైనం, టైరు తిరుగుతూ వంగుతున్నకొద్దీ పైకి ఊరి ఓజోను నుంచి కాపాడుతుంది. ఏళ్లతరబడి ఎండలో నిలబడ్డ బండి టైరులో ఆ ఊట ఆగి, పక్కగోడలు, ట్రెడ్డు దిమ్మల మొదళ్లు సన్నగా పగుళ్లిస్తాయి. ట్రెడ్డు నిండుగా ఉన్నా పదేళ్లు దాటిన టైరు మార్చేయమని టైర్ల కంపెనీ మిషెలిన్ చెబుతుంది. పొలంలో మెల్లగా తిరిగే బండికి పాత టైరు సరిపోవచ్చేమో గాని, కుటుంబాన్ని ఎక్కించుకుని హైవే మీద పోయే బండికి తగదు.

పెద్ద టైర్లు

అమెరికా సైన్యపు ఎఫ్‌ఎంటీవీ ట్రక్కుల 395/85ఆర్20, హెమ్‌టీటీ ట్రక్కుల 16.00ఆర్20 వంటివి భారీ బళ్లకే పనికొస్తాయి. వేగం గుర్తు చూడాలి: ‘జి’ అని ఉంటే గంటకు 90 కిలోమీటర్లే హద్దు.

చక్రంతో సహా కొనేటప్పుడు

హమ్వీ చక్రానికి 6.5 అంగుళాల వృత్తంలో ఎనిమిది బోల్టులు ఉంటాయి. చాలా పాత అమెరికన్ ముప్పావు టన్ను, టన్ను ట్రక్కుల లెక్కా ఇదే. ఫోర్డ్ సూపర్ డ్యూటీ 1999 నుంచి, జీఎం భారీ పికప్పులు 2011 నుంచి వేరే కొలతకు మారాయి. బోల్టులు కలిసినా చక్రం బాగా లోపలికి కూర్చుని స్ప్రింగులకు తగులుతుంది గనుక నడిమి పళ్లేన్ని మార్పించి వాడతారు. ఈ చక్రం రెండు ముక్కలుగా ఉండి బోల్టులతో బిగిసి ఉంటుంది. పాతవాటికి 12, తర్వాతివాటికి 24 బోల్టులు. ఆ నట్లు విప్పేముందు వాల్వు పిన్ను తీసి లోపలి గాలంతా పోయేదాకా ఆగాలి. గాలి ఉండగా విప్పితే రెండు ముక్కలూ ఎగిరిపడతాయి.