వరంగల్ వానకు సముద్రపు వేడే ఆధారం

వరంగల్: సముద్రతీరానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఉమ్మడి వరంగల్ జిల్లాలో కుండపోత వర్షాలకు మూలం సముద్ర జలాల్లో నిల్వ ఉన్న వేడి. 2023 జూలై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షం కురిసి తెలంగాణ రికార్డును తిరగరాసింది. భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి నీట మునగగా, గ్రామస్థులు ఇళ్ల పైకప్పులెక్కి సాయం కోసం ఎదురుచూశారు. ఆ వర్షాల సమయంలో బంగాళాఖాతంలో అల్పపీడనం నెలకొని ఉంది.

వేడి మార్పిడి ఇలా..

సూర్యుని నుంచి గ్రహించిన వేడిలో కొంత భాగాన్ని సముద్రం నేరుగా గాలికి అందిస్తుంది. ఉష్ణమండల సముద్రాల్లో అంతకంటే ఎన్నో రెట్లు వేడి నీటి ఆవిరి రూపంలో వాతావరణానికి చేరుతుంది. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి దాదాపు 25 లక్షల జౌళ్ల శక్తి కావాలి. దీనినే గుప్తోష్ణం అంటారు. ఆవిరి పైకి చేరి చల్లబడి మేఘంగా మారినప్పుడు ఈ వేడి తిరిగి విడుదలవుతుంది. దాంతో గాలి వేడెక్కి ఇంకా పైకి లేస్తుంది. కింద పీడనం తగ్గి, చుట్టూ ఉన్న తేమగాలులు అటు మళ్లుతాయి.

లక్ష్మీదేవిపేటలో ఆ రోజు ఒక్కో చదరపు మీటరు నేలపై పడిన నీరు 650 లీటర్లు. అంత నీటిని ఆవిరి చేయడానికి ఖర్చయిన వేడి సుమారు 450 యూనిట్ల విద్యుత్తుకు సమానం. నైరుతి రుతుపవన కాలంలో ఈ తేమను బంగాళాఖాతంతో పాటు అరేబియా సముద్రం కూడా సమకూరుస్తుంది.

బంగాళాఖాతం ప్రత్యేకత

గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చే మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక కనుక పైపొరగా నిలుస్తుంది. ఇది అడుగునున్న చల్లని నీరు పైకి రాకుండా అడ్డుకుంటుంది. తుపాను ఏర్పడేందుకు ఉపరితల జలాలు సాధారణంగా 26.5 డిగ్రీల సెల్సియస్‌కు పైబడి ఉండాలి. బంగాళాఖాతంలో ఏడాదిలో ఎక్కువ కాలం అంతకు మించిన వేడి ఉంటుంది.

తీరం దాటినా ముప్పే

నేలపైకి వచ్చాక సముద్రపు ఆవిరి అందక తుపాను బలహీనపడుతుంది. గాలుల వేగం తగ్గినా, మోసుకొచ్చిన తేమ వర్షమై కురుస్తుంది. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపంలో తీరం దాటిన ‘మొంథా’ తుపాను మరునాడు వరంగల్, హనుమకొండ కాలనీలను ముంచెత్తడానికి కారణమిదే.

సముద్ర ఉష్ణోగ్రతలను హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ నిరంతరం పరిశీలిస్తుండగా, వర్ష హెచ్చరికలను వాతావరణ శాఖ జారీ చేస్తుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం అధికంగా తేమను ఇముడ్చుకోగలదు. కాబట్టి తుపాను తీరం దాటిందన్న వార్త వినగానే నిశ్చింతగా ఉండరాదు. వాగుల ఒడ్డు గ్రామాల వారు, కల్లాల్లో ధాన్యం ఆరబోసిన రైతులు ఆ తర్వాతి రెండు రోజులూ అప్రమత్తంగా ఉండటం అవసరం.