కొంగుకు కొంగు ముడివేసి



కరీంనగరమునుండి జగిత్యాలకు పోవు త్రోవలో కొండగట్టు కనబడును. నా బాల్యమున, 1970వ దశాబ్దపు చివరను, మా తండ్రితో కూడ బస్సులో ఆ బాటను పోవునప్పుడు, గట్టు దగ్గర చెట్ల నీడను మూడు రాళ్ల పొయ్యి పెట్టుకొని దిగియున్న కుటుంబములను చూచెడివాడను. మతి చెడినవారిని ఆంజనేయుని గుడికి తెచ్చి కొన్ని దినములు నిద్ర చేయించినయెడల నెమ్మది కలుగునని జనుల నమ్మకము. ఎన్ని దినములన్నది ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా చెప్పుదురు. ఆ నమ్మకమును గూర్చి వాదించుటకు నేను కలము పట్టలేదు. తప్పిపోయిన పశువును వెదకుచు వచ్చిన ఒక కాపరివలన ఆ గుడి వెలసినదని చెప్పుకొందురు. తప్పిపోయినవారిని వెదకువారు ఇంకను అచ్చటికే పోవుచున్నారని నాకు తోచును.

ఒకనాడు బస్సు ఆగినప్పుడు ఒక ముదుసలిని చూచితిని. ఆమె చీరకొంగును కూతురి కొంగుకు ముడివేసియుండిరి. కూతురు పొయ్యి ఊదుటకు వంగినప్పుడెల్ల తల్లియు వంగవలసి వచ్చుచుండెను. నేను నవ్వితిని. మా తండ్రి నా తలపై మొట్టికాయ వేసెను.

ఆ తల్లికి పిచ్చి కాదేమో. మన పల్లెలలో దీనికి పేర్లకు కొదువ లేదు. సోయి తప్పినదందురు, గాలి సోకినదందురు, ముసలి చాదస్తమందురు. రాత్రివేళ వీధులు తిరిగి, సంబంధములేని మాటలాడు వృద్ధురాలిని మంత్రగత్తె యని కొట్టిన సంగతులు మన ప్రాంతము ఎరుగనివి కావు. వైద్యులు దీనిని డిమెన్షియా అందురు. ఇది మెదడు క్షీణించుటచేత కలుగు వ్యాధి. 2023లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ప్రకారము మన దేశములో అరువది ఏండ్లు దాటినవారిలో ఇంచుమించు 88 లక్షలమందికి, అనగా నూటికి 7.4 మందికి, ఇది యున్నది. పట్టణములకంటె పల్లెలలోను, పురుషులకంటె స్త్రీలలోను ఎక్కువ. (అయితే మరపు కనబడగానే ఇదే వ్యాధి యని తీర్మానింపకుడి. థైరాయిడు లోపమువలనను, బి12 విటమిను లోపమువలనను, మనోవ్యాకులమువలనను మతి మందగించును. వానికి చికిత్స కలదు. మొదట వైద్యునికి చూపుడి.)

ఈ వ్యాధులలో మిక్కిలి పేరుపొందినదాని చరిత్రయు ఒక కుటుంబపు కష్టముతోనే ఆరంభమాయెను. 1901 నవంబరులో జర్మనీ దేశములోని ఫ్రాంక్‌ఫర్టు పిచ్చాసుపత్రికి రైల్వే గుమాస్తా యొకడు తన భార్యను తోడుకొని వచ్చెను. ఆమె పేరు ఆగస్టె డెటెర్, వయస్సు 51. ఆమె భర్తను అనుమానించుచు, వంట మరచుచు, ఇల్లంతయు తిరుగుచుండెను. అలోయిస్ ఆల్జైమరు అను వైద్యుడు ఆమెను పేరు వ్రాయుమనగా వ్రాయలేక, తనను తాను పోగొట్టుకొంటినని ఆమె చెప్పెను. ఆ భర్తకు ఆసుపత్రి ఖర్చు భారమాయెను. ఆమెను అచ్చటనే ఉంచుటకును, మరణానంతరము ఆమె మెదడును పరీక్షించుటకును ఒప్పందము జరిగెను. 1906 ఏప్రిలులో ఆమె మరణించెను. అదే సంవత్సరము నవంబరులో ఆల్జైమరు ఆమె వ్యాధిని గూర్చి వైద్యుల సభలో ప్రసంగించెను. ఇప్పుడు వైద్యులందరి నోట ఆ వైద్యుని పేరున్నది. గుమాస్తా తన భార్యను విడిచి ఒంటరిగా ఇల్లు చేరిన ఆ రాత్రిని గూర్చి ఎవరును వ్రాయలేదు.

మన ప్రాంతములో ఇంటివారు ఉంచుకొనలేనివారికి చోటు ఎక్కడ నుండెను? నిజాము రాజ్యపు పిచ్చాసుపత్రి దూరమున జాల్నాలో నుండి, 1953లో హైదరాబాదు ఎర్రగడ్డకు మారెను. కుష్ఠరోగులకొరకు మాత్రము మనకు సమీపముననే, నిజామాబాదు దాపున డిచ్‌పల్లిలో, డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారు 1915లో ఆసుపత్రి తెరచిరి. నర్సాగౌడుగారను హైందవ దాత దానికి ధనమిచ్చెను. అచ్చటికి వచ్చినవారికి ఇల్లు మూసికొనిపోయినను, తన పేరును తన ఊరును రోగి తానే చెప్పుకొనగలిగెను. మతి మరచినవాడు అదియును చెప్పుకొనలేడు. వానితో వచ్చినవారే వానికి నోరు.

వచ్చినవారు విడిచిపోయినచో ఏమి జరుగునో ఎర్వాడి చూపెను. తమిళనాడులో రామనాథపురము జిల్లాలోని ఆ ఊరి దర్గాకు మతి చెడినవారిని తెచ్చుట పాత అలవాటు. దాని చుట్టు ప్రైవేటు ఆశ్రమములు వెలసెను. బంధువులు సొమ్ము కట్టి రోగులను విడిచిపోవుచుండిరి. 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున ఒక ఆశ్రమపు పాకకు నిప్పంటుకొనగా, సంకెళ్లతోనున్న రోగులు కదలలేక 28 మంది మరణించిరి. మానసిక రోగులను ఏ విధముగాను గొలుసులతో కట్టరాదని 2017లో చేయబడిన చట్టము చెప్పుచున్నది. కొంగు ముడికిని గొలుసుకును భేదమును చట్టము చెప్పనక్కరలేదు. ముడికి అవతలి కొసను ఒక మనిషి యుండును.

మతిమరుపు రోగులను, వారి యింటివారిని ఆదుకొనుటకు 1992లో కేరళలో ఒక సంస్థ పుట్టెను. దాని స్థాపకుడైన డాక్టరు జాకబ్ రాయ్ తండ్రియు ఈ వ్యాధిగలవాడే. ఆ సంస్థకు హైదరాబాదులోను శాఖ కలదు. నేడు ఆ నగరములో ఇట్టి రోగులను ఉంచుకొను గృహములును ఉన్నవి. వృద్ధాప్య పింఛను వాని ఖర్చుకు ఏ మూలకును చాలదు.

ఇక నా తప్పు చెప్పుకొందును. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక వృద్ధురాలికి మతి తప్పెను. కుమారుడు దుబాయిలో నుండెను. కోడలు దినమునకు వేయి బీడీలు చుట్టుచు అత్తను చూచుకొనుచుండెను. చాట ఒడిలో పెట్టుకొని తల వంచినంతలో అత్త వాకిలి దాటెడిది. రెండుమారులు కాకతీయ కాలువ గట్టున దొరికెను. మూడు సంవత్సరములు అట్లు గడచిన పిమ్మట కుమారుడు వచ్చి తల్లిని హైదరాబాదులో ఒక గృహమున చేర్చెను. ఆ ఆదివారము నేను ఐదవ ఆజ్ఞను గూర్చి ప్రసంగించితిని. పేరెత్తలేదు. ఎత్తనక్కరలేకపోయెను, స్త్రీలందరు ఆ కోడలివైపు తిరిగి చూచిరి. తరువాత నాలుగు ఆదివారములు ఆమె రాలేదు.

ఆ మూడు సంవత్సరములలో నేను వారి యింటికి పోయినది రెండుమారులే. పోయి ప్రార్థించి, టీ త్రాగి వచ్చితిని. ఒక్క పూట అత్తను కనిపెట్టుకొని యుందును, నీవు నిద్రపొమ్మని చెప్పవలెనని నాకు గాని, మా స్త్రీల మైత్రి సంఘమునకు గాని తోచలేదు.

తరువాత పనిమీద నగరమునకు పోయి ఆ గృహమును చూచితిని. అంతకుముందు మరియొక గృహమును చూచియుంటిని. అచ్చట పట్టపగలు అందరును మంచములపై నిద్రించుచుండిరి, తలుపునకు తాళముండెను. ఆ నిద్ర నాకు మంచిదిగా కనబడలేదు. ఇచ్చట మా వృద్ధురాలు కిటికీ దగ్గర చాటతో కూర్చుండియుండెను. చాటలో ఆకులవలె కత్తిరించిన కాగితపు ముక్కలును దారమును ఉండెను. ఆమె చుట్టుచున్నది, కట్టుచున్నది. ఆయాను అడుగగా ఇట్లు చెప్పెను: వచ్చిన కొత్తలో ఈమె చేతులు ఊరకుండక పక్కబట్టలు చింపెడివి. కోడలు ఫోనులో, మా అత్త నలువది ఏండ్లు బీడీలు చుట్టినది, చేతికి పని ఇయ్యుడని చెప్పెను. అప్పటినుండి చింపుట లేదు. ఆ కోడలు దినదినము ఫోను చేయుచున్నదట.

ఊరు చేరి, ఆ సాయంకాలమే కోడలి యింటికి పోయి, నేను ప్రసంగించినది తప్పని చెప్పితిని. ఆమె చాట ప్రక్కన పెట్టి నాకు పీట వేసెను. క్షమించితినని గాని, లేదని గాని అనలేదు.

"అయ్యగారూ, మా అత్తకు మాపటికి భయమైతది. ఆడ లైటు ఏసే ఉంచుతున్నరా?" అని అడిగెను.

నేను మధ్యాహ్నమే తిరిగి వచ్చితిని గనుక చూడలేదు. మరుసటి నెల మరల పోయి, పొద్దుగూకువరకు అచ్చటనే కూర్చుంటిని.