ఫొటో వెనకవైపు

నౌపడలో దిగేసరికి ఇంకా మసక చీకటే. గాలిలో ఉప్పు తగులుతోంది. ఈ ఊరి ఉప్పు మడుల సంగతి శ్రీకాకుళం జిల్లాలో తెలియనివాళ్లు ఉండరు. బెంచీ మీద చెయ్యి ఆనిస్తే తడి. మెయిన్ లైను మీద గూడ్సు ఒకటి ఆగకుండా పోతోంది. పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్పై దగ్గర వదిలేస్తాను. దాని చప్పుడు పలాస వైపు సన్నగిల్లాక కాకుల గోల, టీ కొట్టు స్టవ్వు హోరు వినిపిస్తాయి.

బాబాయ్ అప్పటికే కొట్టు ముందున్న బల్ల మీద కూర్చుని ఉన్నారు. మాకు చుట్టరికమేమీ లేదు. ఒకప్పుడు ఇక్కడి నుంచి నడిచిన చిన్న రైలులో ఫైర్‌మన్‌గా చేరి, బొగ్గుపార పట్టిన మనిషి ఆయన. ఒక చేతిలో కర్ర, చంకలో తువ్వాలులో చుట్టిన కాగితాల చుట్ట.

"ఏటి బాబూ, రాత్రి బండికి నిద్ర పట్టినాదా?" అని అడిగి, నా జవాబు వినకుండానే కొట్టతనికి ఇంకో టీ చెప్పేశారు.

నా సంచిలో అట్ట ఫైలు ఉంది. అందులోంచి ఫొటో తీసి ఇస్తాను. నలుపు తెలుపు బొమ్మ, అరచెయ్యంత. ఇదే నౌపడ యార్డు. వాటర్ కాలమ్ కింద చిన్న ఇంజను ఆగి ఉంది. పొగగొట్టం మీదుగా ఆవిరి వెనక్కి మళ్లి సగం కొండను కప్పేసింది. ఇంజను పక్కన ముగ్గురు మనుషులు. ఒకాయన తలకు తుండుగుడ్డ, ఒకాయన నడుం మీద చేతులు, మూడో మనిషి ముఖం పక్కకు తిప్పి దేన్నో చూస్తున్నాడు. తీసినవారు ఎక్కడో విదేశం నుంచి ఆవిరి ఇంజన్ల కోసం వచ్చిన రైలు ప్రేమికులు. ఫొటో వెనక్కి తిప్పితే చక్కటి ఇంగ్లీషు చేతిరాత: ఇంజను తరగతి, దాని నంబరు, తారీఖు, చివర స్టేషను పేరు. అంతే. మనుషుల గురించి ఒక్క మాట లేదు.

ఆ ఫొటో తీసినవారిని తప్పుపట్టను. వారు రాకపోతే ఈ ముగ్గురూ ఇలా కూడా మిగిలేవారు కాదు. అయినా ఆ ఖాళీ చూసినప్పుడల్లా నాకు గుచ్చుకుంటుంది. ఇనుముకు నంబరు దక్కింది. దాన్ని నడిపినవాళ్లకు పేరు దక్కలేదు. నన్ను ఇంత దూరం రప్పించింది ఆ ఖాళీయే.

బాబాయ్ ఫొటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, మళ్లీ దూరంగా జరిపి చూస్తారు. "ఇక్కడిదే. లెగు, సూపిస్తాను."

ప్లాట్‌ఫారం చివరికి నడుస్తాం. ఒక ఫొటో ఎక్కడ నిలబడి తీశారో పట్టుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. బొమ్మలో ఒకదాని వెనక ఒకటి పడిన రెండు గుర్తులు చూసుకోవాలి, అందులో దూరంగా ఉన్నది కదలనిదై ఉండాలి. అవి రెండూ మళ్లీ ఒకే వరసలోకి వచ్చేదాకా కుడికీ ఎడమకీ జరగాలి. ఇక్కడ కదలనిది పడమటి కొండ వరస. దగ్గరి గుర్తులన్నీ పోయాయి. వాటర్ కాలమ్ లేదు, షెడ్డు లేదు. కాబట్టి కొండల నడిమి పల్లాన్ని పట్టుకుని, బాబాయ్ మాట మీద అడుగులు వేస్తాను. "ఇంకొంచెం రా. ఆగు. ఇప్పుడు నువ్వు బూడిద గుంటలో ఉన్నావు" అంటారు. కాళ్ల కింద కంకర, గడ్డి. ఇంజను బూడిద దులిపిన చోటట అది. ఫొటో ఎత్తి పట్టుకుంటే కొండ అంచు మీద కొండ అంచు కూర్చుంటుంది.

బాబాయ్ కర్రను నేల మీద అడ్డంగా పరిచి, పిడి దగ్గర వేలుతో గుర్తు చూపిస్తారు. "ఇంతే బాబూ రెండు పట్టాల మధ్య. ఇంతే."

762 మిల్లీమీటర్లు. పాత లెక్కలో రెండున్నర అడుగులు. ఇప్పుడు మా ఎదుట మెరుస్తున్న పెద్ద లైను 1676. పర్లాకిమిడి జమీందారు గౌరచంద్ర గజపతి హయాంలో, 7 లక్షల రూపాయల ఖర్చుతో, నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా 40 కిలోమీటర్ల చిన్న లైను వేశారు. 1900 ఏప్రిల్ 1న బండి నడిచింది. 1931 నాటికి గుణుపురం చేరి మొత్తం 90 కిలోమీటర్లయింది. 2004 జూన్‌లో గేజి మార్పిడికి ఆపేశారు. పెద్ద లైను 2010లో పర్లాకిమిడికి, మరుసటి ఏడు గుణుపురానికి వెళ్లింది. పెద్ద లైను రావడం మంచిదే. విశాఖ ఆసుపత్రికి పోవాల్సినవాళ్లను అడిగితే చెబుతారు. కాని నూటనాలుగేళ్లు నడిచిన బండి గురించి ఏది దాచాలి, ఎవరు దాచాలి అన్న ప్రశ్న మార్పిడి పనుల్లో ఎవరి వాటాకూ రాలేదు.

తిరిగి బల్ల దగ్గరికి వచ్చాక బాబాయ్ తువ్వాలు విప్పుతారు. నౌపడ యార్డు ప్లాను, నీలం కాగితం మీద తెల్ల గీతలు. బియ్యం డబ్బా వెనక ఎన్నేళ్లుందో ఆయనకే తెలియదు. మడతల దగ్గర నీలం వెలిసి ఉంది. ఒకచోట చిరిగితే అంటించిన సెల్లో టేపు తేనె రంగుకు తిరిగింది. "నేనే అంటించినాను, తప్పేటి?" అంటారు నా ముఖం చూసి.

టేపును పీకకండి అని మాత్రం చెబుతాను. పీకితే గీతలు కూడా దానితో వచ్చేస్తాయి. ఈ నీలం కాగితానికి ఒక గుణముంది: వెలుతురుకు వెలిసిన నీలం చీకట్లో ఉంచితే కొంత తిరిగి వస్తుంది. గోడకు ఫ్రేము కట్టించడం దానికి పగ. లామినేషన్ అంతకన్నా పగ, ఒకసారి చేయించాక వెనక్కి రాదు. చుట్టగా కాకుండా చదునుగా, చీకట్లో, చెమ్మ తగలకుండా ఉంచాలి.

ప్లాను మీద రెండు గేజులూ పక్కపక్కనే కనిపిస్తాయి. మధ్యలో పొడుగాటి షెడ్డు. దాని మీద ఇంగ్లీషులో ట్రాన్షిప్‌మెంట్ అని ఉంది. బాబాయ్ దాని మీద గోరు పెట్టి "బస్తాల షెడ్డు" అంటారు. చిన్న పెట్టెలోంచి దించిన బస్తాను మళ్లీ పెద్ద పెట్టెలోకి ఎక్కించాలి. ప్రతి బస్తా ఒక మనిషి వీపు మీదే ఆ పది గజాలూ దాటింది. ఇంకో గీత మీద గోరు. ప్లానులో అది సైడింగు నంబరు. ఆయన నోట "గున్న లైను". గున్నమామిడి చెట్టు ఉండేదట. నేను చేత్తో గీసుకున్న నకలు మీద ఆయన మాటలు ఒక్కొక్కటీ పెన్సిలుతో రాసుకుంటున్నాను. అసలు ప్లాను మీద ఒక్క చుక్క కూడా పెట్టను.

గుణుపురం ప్యాసింజరు వచ్చింది. పాతపట్నానికి రెండు టికెట్లు. కిటికీ పక్కన బాబాయ్, ఎదురుగా నేను. టెక్కలి దాటాక పొలాలు, తాటిచెట్లు, చెరువుగట్లు. "అప్పుడైతే ఈపాటికి ఇంకా అక్కడే ఉండీవోళ్లం" అని వెనక్కి చెయ్యి చూపిస్తారు. పెద్దసాన, టెంబూరు. పేర్లు పలుకుతుంటే ఆయన గొంతులో గార్డు పచ్చజెండా ఊపినంత ధీమా.

ఒడిలో పాత పటం పరుస్తాను. ఇది మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి గంజాం జిల్లా. చిన్న లైను నౌపడ దగ్గర విడివడి వాయవ్యంగా పోతోంది. పాతపట్నానికీ పర్లాకిమిడికీ మధ్య ఇందులో సరిహద్దు లేదు. 1936 ఏప్రిల్ 1న అది పుట్టింది. పర్లాకిమిడి ఒరిస్సాకు పోయింది, పాతపట్నం మద్రాసులో మిగిలింది. మధ్యలో మహేంద్రతనయ నది. రైలు మాత్రం రోజూ ఆ గీత దాటి వెళ్లి దాటి వచ్చింది.

కాగితాలకు ఆ వీలు లేకపోయింది. జమీందారీ నుంచి బెంగాల్-నాగపూర్ రైల్వే చేతికి, అక్కడి నుంచి ఈస్టర్న్ రైల్వేకు, 1955లో సౌత్ ఈస్టర్న్‌కు, 2003లో ఈస్ట్ కోస్ట్‌కు లైను చేతులు మారింది. అందుకే ఇవాళ ఈ 90 కిలోమీటర్ల కథ వెతకాలంటే చెన్నై ఎగ్మూరులో మద్రాసు ప్రభుత్వపు దస్తాలు, కోల్‌కతా గార్డెన్ రీచ్‌లో రైల్వే ప్రధాన కార్యాలయం, భువనేశ్వర్‌లో ఒడిశా రాష్ట్ర ఆర్కైవ్స్, లండన్‌లో ఇండియా ఆఫీసు రికార్డులు, ఇన్ని తలుపులు తట్టాలి. గడువు తీరిన రిజిస్టర్లను తీసేయడం ఏ ఆఫీసులోనైనా నియమమే. అలా బయటపడి ఎవరి ఇంటి అటక మీదో ఆగిన కాగితమే చాలాసార్లు చివరి ప్రతి. బియ్యం డబ్బాలను తక్కువగా చూడకూడదు.

పర్లాకిమిడి పేరు వింటే నాకు గిడుగు రామమూర్తి గుర్తుకు రాకుండా ఉండరు. అక్కడి బడిలో పంతులుగా చేరి, సవర గిరిజనుల మాట నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చిన మనిషి. జనం నోట ఉన్న తెలుగు పుస్తకంలోకి రావాలని జీవితమంతా పోరాడారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వచ్చేశారు. ఆయన ఊరి రైలునే చూడండి, కాగితం మీద ట్రాన్షిప్‌మెంట్ మిగిలింది, నోట్లోని బస్తాల షెడ్డు పోబోతోంది. నకలు మీద నేను గీకుతున్న నాలుగు మాటలకు ఆయన ఒప్పుకునేవారనే నా నమ్మకం.

"ఆ ఫొటో ఇలాగియ్యి." బాబాయ్ ఒక్కసారిగా చెయ్యి చాపుతారు. ఇంతసేపూ కిటికీలోంచి చూస్తూ దాన్నే నెమరేస్తున్నట్టున్నారు.

ఫైలు అట్టను బల్లలా పెట్టి, దాని మీద ఫొటోను బోర్లా పడుకోబెడతాను. మెత్తటి పెన్సిలు ఇస్తాను. బాల్‌పెన్ను సిరా కాలం గడిచేకొద్దీ ముందువైపుకు ఊరుతుంది, నొక్కి రాస్తే గాడి పడుతుంది. బాబాయ్ వేళ్లు వణుకుతున్నాయి, అయినా అక్షరం గుండ్రంగా ఉంది. ఇంగ్లీషు రాతకు దిగువన తెలుగులో మొదటి పేరు. తుండుగుడ్డ ఆయనది. ఇంటిపేరు, కింద ఊరు, పక్కన 'డ్రైవరు'. రెండో పేరు. దానికి ఎదురుగా 'పాయింట్స్‌మన్' అని రాసి, ఆగి, 'బాగా పాడతాడు' అని చేర్చారు. ఇలాంటిది ఏ ఆర్కైవ్స్ జాబితాలోనూ దొరకదు. ఇంటికి వెళ్లగానే ఈ ఫొటోను ముందూ వెనకా రెండూ స్కాన్ చేయాలి. చాలామంది ముందువైపు మాత్రమే స్కాన్ చేసి వెనకవైపు వదిలేస్తారు. అలా సగం ఫొటోనే మిగులుతుంది.

పెన్సిలు మూడో మనిషి దగ్గర ఆగిపోయింది. బాబాయ్ ఫొటో తిప్పి చూసి, మళ్లీ బోర్లా వేశారు.

"నాతో డ్యూటీ సేసినాడు. పొంగితే గిన్నె తన్నీవోడు, అంత కోపిష్టి. గొంతు కూడా సెవిలో ఉంది. పేరు రావట్లేదు."

రాసిన రెండు పేర్ల కింద ఒక గీత గీసి ఖాళీ వదిలేస్తారు. బండి వేగం తగ్గుతోంది. పాతపట్నం బోర్డు కిటికీ ముందుకొచ్చి ఆగింది. నేను ఫైలు మూసి లేస్తున్నాను. ఆయన లేవరు. కర్రను మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కూర్చునే ఉన్నారు.

"కాశీనగర్‌లో ఒకడున్నాడు. ఈ మధ్య మంచం దిగట్లేదన్నారు. వోడికి తెలుస్తాది." బుర్ర ఊపి ద్వారం వైపు చూపిస్తారు. "బండి కదలకముందే ఎల్లి టికెట్లు అట్టుకురా, బాబూ."

ప్లాట్‌ఫారం మీదికి దూకి పరుగెత్తుతాను. టికెట్ కిటికీ దగ్గర నా ముందు ఒక్కరే ఉన్నారు.

"కాశీనగర్, రెండు."