గ్రీకుల భోజనపంక్తి

తాపీనదికి ఉత్తరపు టొడ్డున నున్న అమ్రోలి ఇప్పుడు సూరతు నగరములో నొక భాగము. అచ్చటినుండి నది వెంబడి ఎగువకు పోయినచో కామ్రేజ్ వచ్చును; ఉత్తరముగా సుమారు 60 కిలోమీటర్లు పోయినచో నర్మదాతీరమున భరూచ్ కనబడును. ఉద్యోగరీత్యానో, మగ్గముల పనిమీదనో ఈ సీమకు వచ్చి స్థిరపడిన తెలుగువారికి ఇవి పరిచితములైన ఊళ్లే. రెండువేల యేండ్ల క్రిందట గ్రీకు నావికులును ఈ తీరము నెఱుగుదురు. క్రీ.శ. మొదటి శతాబ్దిలో ఒక గ్రీకు వర్తకుడు వ్రాసిన 'పెరిప్లస్' అను సముద్రయాన గ్రంథము భరూచ్‌ను 'బరిగజ' యని పేర్కొనినది. అందలి 'కమ్మోని' గ్రామము కామ్రేజే యని కొందఱు పండితుల మతము. ఆ నావికుల జాతి ఏమి తినెడిది, ఎవరితో కూర్చుండి తినెడిది అను విషయము, పరాయిసీమలో పంక్తి వేసికొను ప్రతి సమాజమునకును ఆలోచింపదగినది.

ప్రాచీన గ్రీకుల ఆహారమున మూడు భాగములు ముఖ్యములు. మొదటిది 'సీతోస్', అనగా ధాన్యము. కొండలు మెండుగా గల ఆ దేశమున గోధుమకంటె యవలు బాగుగ పండును. కావున వేపిన యవలపిండిని తడిపి ముద్దచేసిన 'మాజా' సామాన్యుల నిత్యాహారము, గోధుమరొట్టె ఘనమైనది. రెండవది 'ఓప్సోన్', అనగా రొట్టెతో నంజుకొనునది: ఆలివు కాయలు, జున్ను, ఉల్లి, వెల్లుల్లి, పప్పులు, చేపలు. మాంసము చాలవఱకు దేవతలకు బలి యిచ్చిన పండుగనాడే దొరకెడిది. మూడవది ద్రాక్షామద్యము. దానిలో నీరు కలిపియే త్రాగవలెను. కలుపక త్రాగుట అనాగరికుల లక్షణమని వారి తలంపు. మనకు నేయి యెట్టిదో వారికి ఆలివు నూనె యట్టిది. తీపికి తేనె, అంజూరపు పండ్లు. ఉదయమున మద్యములో ముంచిన రొట్టెముక్క, సాయంకాలమున ప్రధాన భోజనము.

మనకు అన్నము వలెనే వారికి సీతోస్ ప్రధానము. ఒక విందులో రొట్టె ముట్టక నంజుడు మాత్రమే తినుచున్న యువకుని సోక్రటీసు పరిహసించెనని క్సెనొఫోను వ్రాసెను. అన్నము కలుపుకొనక కూరలే భుజించువానిని చూచి మన పెద్దలు నవ్వుటయు ఇట్టిదే.

ఇక భరూచ్ వర్తకమును చూడవలెను. ఇటలీ, లవొదికేయ, అరేబియాల మద్యము ఇచ్చట దిగుమతి యయ్యెడిది. రాజుకొఱకు మేలురకపు మద్యము ప్రత్యేకముగా తెచ్చెడివారు. ఇచ్చటినుండి పిప్పళ్లు ఎగుమతి యయ్యెడివి. గోధుమలు, బియ్యము, నువ్వులనూనె, నేయి ఈ సీమ పంటలని పెరిప్లస్ చెప్పుచున్నది. ఇచ్చటికి దక్షిణముగా ఇరువది దినముల ప్రయాణమున శాతవాహనుల ప్రతిష్ఠానము ఉన్నదనియు, అచ్చటి సరకు బండ్లమీద భరూచ్‌కు వచ్చుననియు ఆ గ్రంథమే తెలుపుచున్నది. మన పిప్పలి గ్రీకులకు 'పెపెరి' యయ్యెను. తొలుత అది వైద్యుల మందు, పిదప వంటింటి దినుసు. క్రీ.శ. మొదటి శతాబ్దిలో రోములో ఒక పౌను మిరియములు 4 దెనారులు, పిప్పళ్లు 15 దెనారులు పలికెనని ప్లినీ వ్రాసెను. అచ్చటి సామాన్యుని మద్యము ఇచ్చట రాజభోగము. ఇచ్చటి చెట్లక్రింది పిప్పలి అచ్చట ధనవంతుల సొత్తు.

పెరిప్లస్‌కు మూడు శతాబ్దులకు పైగా పూర్వము, క్రీ.పూ. 300 ప్రాంతమున, మెగస్తనీసు చంద్రగుప్త మౌర్యుని కొలువునకు రాయబారిగా వచ్చెను. అతని గ్రంథము నశించినది. ఇతరులు ఉదహరించిన భాగములే మిగిలినవి. భోజనవేళ ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క పీట వేసి, దానిపై బంగారు గిన్నె నుంచి, తొలుత వరియన్నమును, పిమ్మట పలురకముల వంటకములను వడ్డింతురని అతడు వర్ణించెను. కాని భారతీయులు ఒంటరిగా భుజింతురనియు, అందఱకును ఒక నియతవేళ లేదనియు, కలిసి భుజించుటయే సంఘజీవనమునకు మేలనియు అతడు ఆక్షేపించినట్లు స్ట్రాబో వలన తెలియుచున్నది.

ఈ ఆక్షేపణ చేసిన జాతి పంక్తి అందఱిదియా? గ్రీకు పురుషులు పాన్పులపై ఒఱగి విందు చేయునపుడు ఇంటి ఇల్లాలికి అచ్చట చోటు లేదు, వడ్డించువారు బానిసలు. స్పార్టాలో పౌరులందఱును ఉమ్మడి పంక్తిలోనే భుజింపవలెను. అందులకు ప్రతివాడును నెలనెల యవలపిండి, మద్యము, జున్ను, అంజూరములు తేవలెను. తేలేని పేదవాడు పౌరసత్వమునే కోల్పోయెడివాడు. పంక్తి ప్రజలను కలుపుటకు ఏర్పడినదయ్యును పేదలను వెలివేయుచున్నదని అరిస్టాటిలు విమర్శించెను. మన దేశమునను పంక్తి కులభేదములతో చీలియుండెను. 20వ శతాబ్దిలో సహపంక్తి భోజనము సంఘసంస్కరణమున నొక మెట్టగుటకు కారణమిదియే.

సోక్రటీసు చూపిన మార్గము వేఱు. మిత్రులు తలయొక వంటకము తెచ్చుకొను విందులలో కొందఱు అధికముగా, కొందఱు స్వల్పముగా తెచ్చెడివారు. ఆతడు స్వల్పముగా తెచ్చినవాని పదార్థమును అందఱ మధ్య నుంచుమని, లేదా అందఱకును పంచుమని సేవకునితో చెప్పెడివాడట. దానిని పంచుకొనకుండుటకు సిగ్గుపడి, అధికముగా తెచ్చినవారును తమది పంచక తప్పెడిది కాదు.

గ్రీకుల ఇటీవలి చరిత్రలోను ఈ ప్రశ్న మరల తలయెత్తెను. 1923 నాటి లొసాన్ ఒప్పందముతో ముడిపడిన జనవినిమయమున ఆసియా మైనరు నుండి సుమారు 12 లక్షలమంది శరణార్థులు గ్రీసు చేరిరి. వారి వంటలలో మసాలాలు హెచ్చు, పెరుగు హెచ్చు. స్వజాతివారే వారిని 'పెరుగుతో జ్ఞానస్నానము చేసినవారు' అని ఎగతాళి చేసిరి. నేడు ఆ శరణార్థులు తెచ్చిన, జీలకఱ్ఱ వేసిన స్మిర్నా మాంసపు టుండలను గ్రీకులు తమ సొంత వంటకమనియే చెప్పుకొందురు. గ్రీకు వంటకు నేడు ప్రాణమైన టొమాటో సయితము అమెరికా ఖండమునుండి వచ్చినదే.

పెరుగన్నము, గోంగూర, చింతపండు పులుసు వెంటబెట్టుకొని తాపీతీరమునకు వచ్చిన తెలుగు కుటుంబములకు ఈ కథ దూరమైనది కాదు. పొరుగువాని వంటను తొలుత నవ్వి, పిదప అడిగి తిని, తుదకు తనదిగా చేసికొనుట లోకరీతి. సమాజపు పండుగనాడు తెచ్చిన గిన్నె పెద్దదా చిన్నదా అని చూడక, దానిని పంక్తి నడుమ నుంచగలిగినచో మెగస్తనీసు ఆక్షేపణకు అదియే తగిన సమాధానము.