మొగ్గలో వంశము, ఋతువు: ఉత్తర తెలంగాణ వృక్షముల సాక్ష్యము

పూర్వపు కరీంనగరు జిల్లాలోని జగిత్యాల ప్రాంతమున బంగినపల్లి, దశేరి మామిడితోటలు విస్తారముగా గలవు. ఇచ్చటి చెట్లు అంటుకట్టి పెంచినవే యగుటచే, ఒక్కొక్క రకమునకు చెందిన చెట్లన్నియు జన్యుసంపదలో ఇంచుమించు సమానములు. అయినను పుష్యమాసమున ఒకే చెట్టుపై ఒక కొమ్మ పూతతో నిండియుండగా, ప్రక్కకొమ్మ రాగివన్నె చిగురు తొడుగుట కానవచ్చును. వంశమే సర్వమును శాసించునెడల ఈ భేదము పొసగదు. మరియు ఒకే చలిగాలికి లోనైనను దశేరి ఒక యేడు విరగకాచి మరుసటి యేడు వెలితిపడుచుండ, నీలమను మామిడిరకము ఏటేట కాయుచుండును. ఋతువే సర్వమును శాసించునెడల ఇదియు పొసగదు. కావున వంశము మొగ్గకు శక్తిని, హద్దును ఇచ్చుననియు, ఆ హద్దులోపల దాని గతిని పరిసరము తేల్చుననియు ఈ వ్యాసమున ప్రతిపాదించుచున్నాను.

మామిడి కొమ్మ కొసమొగ్గ ఆకుగానైనను పూతగానైనను పరిణమింపగలదు. రాత్రి ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీలకు దిగినప్పుడు, ముదురాకులలో పుష్పప్రేరకమైన ప్రోటీను ఉత్పత్తియై ఆహారరసముతో కూడ మొగ్గను చేరును. ఆకులనుండి బయలుదేరు ఇట్టి సంకేత మొకటి యుండవలెనని సోవియట్ శాస్త్రజ్ఞుడు చైలఖ్యాన్ 1930 దశకముననే ఊహించి, దానికి ఫ్లోరిజెన్ అని పేరిడెను. ఎఫ్.టి. అను జన్యువునుండి పుట్టు ప్రోటీనే ఆ సంకేతమని 2007లో వెలువడిన పరిశోధనలు తేల్చినవి. లేతకొమ్మలలో హెచ్చుగ నుండు జిబ్బరెల్లిన్ హార్మోను దీనికి విరోధి. అందుచేతనే, కాయలను మోసి ఆలస్యముగ చిగిర్చిన కొమ్మ, శీతకాలమునాటికి ముదురక పూయజాలదు. మొగ్గ విచ్చు తరుణమున చలి సడలినచో, ఒకే రెమ్మపై ఆకులును పూలును కలసి పుట్టుటయు గలదు. మొగ్గ పరిసరాధీనమనుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము వేరొండు లేదు. ఏటేట కాయు గుణము మాత్రము వంశగతమని, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ దశేరిని నీలముతో సంకరపరచి ఆమ్రపాలిని సాధించుటవలన రుజువైనది.

ఆదిలాబాదు అడవుల టేకునందు వంశప్రభావము మరింత ప్రస్ఫుటము. టేకు పూగుత్తి కొసమొగ్గనుండియే వెలువడును గాన, తొలిపూతతోనే ప్రధానకాండపు నిటారు పెరుగుదల ఆగి, చెట్టు కొమ్మలుగా చీలును. తొలిపూత ఏ వయసున వచ్చుననుటలో వంశపు పాలు హెచ్చు. ఆలస్యముగ పూయు వంశములే పొడవైన మ్రానునిచ్చును. తునికియందు మానవుడే పరిసరమగుచున్నాడు. ఫిబ్రవరి, మార్చి మాసములలో పొదలను కొట్టినప్పుడు, పైమొగ్గల నిరోధము తొలగి, మొదళ్లయందును వేళ్లయందును నిద్రాణములైయున్న మొగ్గలు మేల్కొని, సుమారు 45 దినములలో బీడీలకు తగిన మెత్తని ఆకునిచ్చును. అయినను ఆ మొగ్గలు వేళ్లయందుండుట తునికి వంశము ప్రసాదించిన వరమే.

వంశమును మార్చుటకు తరములు పట్టును. వాతావరణమో మన కన్నులయెదుటనే మారుచున్నది. కావున కోత ముగియగనే కొమ్మలను కత్తిరించి, వానకాలముననే చిగురు ముదురునట్లు చూచి, కార్తీక మార్గశిరములలో నీరు నిలుపుట మామిడిరైతు కర్తవ్యము. తక్కువ చలికే పూయు రకములను గుర్తించుట జగిత్యాల సమీపమున పొలాసలోగల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానము వంటి సంస్థలు చేపట్టదగిన కార్యము. ఆలస్యముగ పూయు నిటారైన స్థానిక టేకుచెట్లను విత్తనవృక్షములుగా కాపాడుట అటవీశాఖ విధి. ఈ మూడును ఏకకాలమున జరుగవలెను.