కోయ మాటకు తెరపై చోటేదీ?
డిజిటల్ యుగంలో ఆదివాసీ యువత గుర్తింపుపై పరిశోధనలు

ఏలూరు: కొల్లేరు తీరం నుంచి పాపికొండల అంచు వరకు విస్తరించిన ఏలూరు జిల్లాలో అందరి మాతృభాష తెలుగు కాదు. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లోని కోయ గూడేలకు తరతరాలుగా సొంత భాష ఉంది. బడిలో తెలుగు, ఆంగ్లం, సెల్‌ఫోన్‌లో సినిమా పాట, ఇంట్లో అవ్వతాతల కోయ మాట. ఈ మూడింటి నడుమ పెరుగుతున్న యువత తమను తాము ఎలా గుర్తించుకుంటున్నదన్నది నేడు విశ్వవిద్యాలయాలలో పరిశోధనాంశమైంది.

భాష నేపథ్యం

కోయ ద్రావిడ భాషా కుటుంబానికి చెందినది. గోండీకి అతి సన్నిహితమైనది. 2011 జనాభా లెక్కల ప్రకారం దీనిని మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 4.07 లక్షల మంది. ఈ ప్రాంతంలో కోయను రాయవలసి వస్తే తెలుగు లిపినే వాడతారు. వంశగాథలు, వీరగాథలు పుస్తకాలలో కాక డోలు కళాకారుల కంఠాలలోను, పడిగెలనే చిత్రపటాల మీదను నిలిచాయి. మణుగూరు ప్రాంతానికి చెందిన కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య అలాంటి గాథలను కోయ, తెలుగు భాషలలో పాడేవారు. ఆయనకు 2022లో పద్మశ్రీ లభించింది. 2024లో కన్నుమూశారు. ఒక గాయకుడు పోతే ఒక గ్రంథాలయం మూతపడినంత నష్టమని ఇలాంటి సందర్భాలలోనే తెలుస్తుంది.

గుంజాల చూపిన దారి

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో గోండీ లిపిలోని రాతప్రతులు వెలుగుచూశాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు, సహ పరిశోధకులు, స్థానిక గోండు పెద్దలు వాటిని అధ్యయనం చేసి లిపిని లోకానికి తెలియజేశారు. 2018లో యూనికోడ్ 11.0లో గుంజాల గోండి చేరింది. ప్రతి అక్షరానికి ప్రపంచమంతటా ఒకే సంఖ్యను కేటాయించే ఏర్పాటే యూనికోడ్. అందులో చోటు లేని అక్షరం ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కు సక్రమంగా చేరదు. లిపికి ఆ చోటు దక్కితే యువకుడు తన పేరును తన అక్షరాలలో రాసుకోగలుగుతాడు.

చదువు రానివారికీ మాధ్యమం

అక్షరంతో పని లేని మార్గమూ ఉంది. శుభ్రాంశు చౌదరి 2010లో ఛత్తీస్‌గఢ్ కేంద్రంగా సీజీనెట్ స్వర ప్రారంభించారు. మామూలు సెల్‌ఫోన్ నుంచి తమ భాషలో సమస్యను చెప్పి రికార్డు చేయవచ్చు, ఇతరులు చెప్పినది వినవచ్చు. ఇంటర్నెట్ అవసరం లేదు. మెదక్ ప్రాంతంలో 2008లో దళిత మహిళలు నడిపిన సంఘం రేడియో ఇదే కోవకు చెందినది. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యులు వినోద్ పావురాల ఇలాంటి సమాజ మాధ్యమాలపై విస్తృతంగా పరిశోధించారు. సొంత గొంతు వినిపించే అవకాశం సమాచార సౌకర్యం మాత్రమే కాదు, ఒక హక్కు కూడా అన్నది ఈ రంగంలో బలపడిన ఆలోచన.

వెండితెరపై ఎవరి బొమ్మ?

జనరంజక సినిమా సంగతి వేరు. 2022లో విడుదలైన ఆర్ఆర్ఆర్ చిత్రం కొమురం భీమ్ పేరును దేశదేశాలకు చేర్చింది. అయితే 2020 అక్టోబరులో వచ్చిన ప్రచార చిత్రంలో భీమ్ పాత్ర టోపీ ధరించి కనిపించడంపై ఆదివాసీ సంఘాలు అభ్యంతరం తెలిపాయి. తమ వీరుడిని ఎలా చూపాలో తమను అడగాలన్నదే ఆ వాదన సారాంశం. మన జిల్లాలోనూ ఈ ప్రశ్న ఉన్నది. బుట్టాయగూడెం మండల అడవిలోని గుబ్బల మంగమ్మ తల్లి క్షేత్రానికి మైదాన ప్రాంతాల నుంచి భక్తులు తరలివస్తారు. అక్కడి కథను కెమెరా ముందు ఎవరు చెబుతున్నారు, కొండవారా, వచ్చిపోయేవారా అన్నది గమనించదగినది.

మునిగే ఊళ్లు, మిగలవలసిన మాటలు

2014లో కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఖమ్మం జిల్లా నుంచి పశ్చిమ గోదావరిలో కలిశాయి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. పోలవరం ముంపు వల్ల ఇక్కడి గూడేలు తరలుతున్నాయి. వాగు, గుట్ట, చెట్టు పేర్లతో పెనవేసుకున్న పాట పునరావాస కాలనీలో పుట్టిన బిడ్డకు అర్థం కావడం కష్టం. గోదావరి తీర గ్రామాలలో తిరిగి ఆర్. ఉమామహేశ్వరి రాసిన ప్రజల చరిత్ర 2014లో పుస్తకంగా వచ్చింది. అలాంటి నమోదు కోయ భాషలోనే జరగవలసి ఉన్నది.

2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఆది వాణి అనువాద యాప్‌ను ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. తొలి విడతలో సంతాలీ, భీలీ, ముండారీ, గోండీ భాషలు ఉన్నాయి. కోయ లేదు. యంత్రానికి భాష నేర్పాలంటే ముందుగా వేలాది వాక్యాలు, గంటలకొద్దీ స్వరాలు కావాలి. సాంకేతిక విద్యకు తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్ఐటీ ఉన్నది, మాట తెలిసిన పెద్దలు గూడేలలో ఉన్నారు. ఇరువురినీ కలిపే పని కోయ విద్యార్థులే చేయగలరు. పెద్దల అనుమతి తీసుకుని, పాడినవారి పేరు, ఊరు, సందర్భం రాసుకుని సేకరించాలి. పండుగకే పరిమితమైన పాటను బయట పెట్టాలా వద్దా అన్న నిర్ణయం గూడేనిదే కావాలి. అవ్వతాతలు ఉండగానే ఆ పని మొదలుకావాలి.